తేదీ లేని తొమ్మిది

సంతకం పెట్టకుండానే కలానికి మూత పెట్టేసింది ఆమె.

మూత బిగిసిన ఆ చిన్న చప్పుడు గదిలో ఉన్న నలుగురికీ వినబడింది. విశ్వవిద్యాలయం వాళ్ళ అతిథిగృహంలో అది మూడో నంబరు గది. రెండు మంచాలు, ఒక బల్ల, గోడ వారగా పదకొండు అట్టపెట్టెలు. బల్ల మీద రెండు అద్దె ఒప్పందాలు, వాటి పక్కన బడి దరఖాస్తు. దరఖాస్తులో అన్ని గడులూ నిండాయి, చిరునామా గడి ఒక్కటి తప్ప.

"మళ్ళీ ఏమైంది? నిన్న సరేనన్నావుగా," అన్నాడు భర్త.

"సరే అనలేదు. ఊరుకున్నాను."

"ఊరుకుంటే సరే అన్నట్టే కదా!"

"పన్నెండేళ్ళ కాపురం తర్వాత కూడా అలా అనుకుంటున్నారంటే మీ ధైర్యాన్ని మెచ్చుకోవాలి."

కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న అత్తగారు వెనక్కి తిరక్కుండానే నవ్వింది. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. అద్దెకి వెతికి చూడు అనలేదు. వాళ్ళకేం, సొంతిళ్ళ వాళ్ళు."

"అమ్మా, నువ్వు కాసేపు..."

"నేనేమన్నానురా? పెద్దల్ని అన్నాను."

అతను గోడ గడియారం చూశాడు. ఒంటిగంటన్నర. నాలుగింటికి బడి ఆఫీసు మూసేస్తారు. ఈ ఊళ్ళో ఏ పేటలో కాపురం ఉంటే పిల్లలకి ఆ పేట బడే; దరఖాస్తులు మాత్రం అన్ని బడులకీ ఆ ఒక్క ఆఫీసులోనే. చిరునామాకి రుజువుగా, భార్యాభర్తలిద్దరూ సంతకాలు చేసిన అద్దె ఒప్పందం జతచెయ్యాలి. ఈరోజు దాటితే సీట్లు అయిపోతాయి. ఆదివారానికి ఈ గది కూడా ఖాళీ చెయ్యాలి, బయటి ఊళ్ళ నుంచి పరీక్షకులు దిగుతున్నారు.

ఇదంతా ఉడతకి తెలుసు. ఎనిమిదేళ్ళ పిల్ల. ఒకచోట నిలవదని ఆ పేరు పెట్టారు గానీ, నిలవనిది నిజానికి ఇల్లు. తండ్రి తాత్కాలిక ఉద్యోగాల వెంట, పిల్లి పిల్లల్ని తిప్పినట్టు తిప్పారు దాన్ని. ఇప్పుడు చేరబోయేది నాలుగో బడి. గోడ వారగా ఉన్న పెట్టెల్లో చివరిది దానిదే. తాడు కట్టి రెండు ముళ్ళు వేసి ఉంటుంది. గడిచిన రెండిళ్ళలోనూ ఆ తాడు విప్పలేదు. "విప్పితే మళ్ళీ సర్దాలిగా," అనేది, పెద్దవాళ్ళ గొంతుతో.

ఈ ఊరొచ్చిన మొదటిరోజు మాత్రం అడిగింది. "అమ్మా, ఈసారి విప్పొచ్చా?"

తండ్రికి వచ్చింది స్థిరమైన ఉద్యోగం. విప్పొచ్చు అని చెప్పడానికి ఏ అడ్డూ లేదు. అయినా తను "చూద్దాం" అంది. ఆ చూద్దాం అన్న మాట తొమ్మిది రోజులుగా ఆమె గొంతులో ముల్లులా ఉంది.

"నీలం తలుపు ఇంటికి ఎనభై ఒకటి వచ్చాయి," అన్నాడు అతను. గొంతు తగ్గించాడంటే పాఠం మొదలైందన్నమాట. "మెట్ల వీధి ఇంటికి డెబ్బై ఆరు. పది అంశాలు, ఒక్కోదానికి పది మార్కులు. రెండిళ్ళకీ ఒకే అద్దె. ఇంకేం కావాలి?"

అతను గణాంకశాస్త్రం చెబుతాడు. చొక్కా కొనాలన్నా పట్టిక గీస్తాడు. ఈ పట్టిక నాలుగు మడతలుగా జేబులో ఉంది. బడి దూరం, బస్సు, ఆస్పత్రి, నీళ్ళు, వీధి దీపాలు, ట్రాఫిక్, ఇంకా ఏవేవో. ప్రతి గడిలో మార్కు, దాని కింద చీమంత అక్షరాలతో ఆ సంగతి స్వయంగా చూసిన తేదీ, వేళ.

"మీ పట్టిక తప్పని నేననలేదే."

"మరి?"

"మంగళవారం సాయంత్రం నీలం తలుపు వీధిలో గంటసేపు కూర్చున్నాను. బుధవారం అదే వేళకి మెట్ల వీధిలో. కళ్ళు మూసుకుని."

"కళ్ళు మూసుకుని!" అన్నాడు తల్లివైపు చూస్తూ. "ఇల్లు చూడ్డానికి వెళ్ళి కళ్ళు మూసుకుందట."

"నీలం తలుపు వీధిలో సైకిళ్ళు వెళ్ళాయి. పాటలు వినబడ్డాయి, నాలుగు కిటికీల్లోంచి నాలుగు రకాలు. ఒక కుర్రాడు ఫోన్లో ఎవరికో క్షమాపణ చెప్పుకున్నాడు పాపం. కానీ గంటలో ఒక్క పిల్లని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. మెట్ల వీధిలో ఒక పిల్లని పిలిచారు. మూడు గొంతులు. వాళ్ళమ్మ ఒకతే అయ్యుంటుంది కదా. మిగతా ఇద్దరూ ఇరుగుపొరుగు వాళ్ళు."

"గొంతులు లెక్కపెట్టి ఇల్లు తీసుకుంటారా ఎవరైనా?"

"గళ్ళు లెక్కపెట్టి తీసుకుంటారా?" అంది అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తూనే.

ఆమె చెయ్యి చాచింది. "ఏదీ, పట్టిక ఒకసారి ఇవ్వండి."

ఇవ్వడానికి అతను ఒక్క క్షణం తటపటాయించాడు. అదే తేడా. పట్టికలు చూపించడమంటే ఇష్టపడే మనిషి.

చివరి అడ్డువరుసలో 'పిల్లల సందడి, ఆట' అని ఉంది. మెట్ల వీధికి ఆరు, బుధవారం, అయిదుంపావు. నీలం తలుపు వీధికి తొమ్మిది. తొమ్మిది కింద ఏమీ లేదు.

"ఈ తొమ్మిది ఎప్పుడు చూసి వేశారు?"

"చూశాను."

"తేదీ లేదు."

"రాయడం మర్చిపోయాను."

"మీరా?"

అతను మూలనున్న గొడుగు తీసి, మళ్ళీ అక్కడే పెట్టాడు.

ఆమె పని వినికిడి పరీక్షలు. మెత్తటి గోడల గదిలో కూర్చోబెట్టి, అద్దం వెనకనుంచి సన్నటి శబ్దాలు వదులుతుంది. వినబడితే మీట నొక్కాలి. ఏ శబ్దమూ వదలనప్పుడు కూడా మీట నొక్కేవాళ్ళు కొందరుంటారు. అది అబద్ధమని మొదట్లో అనుకునేది. కాదు. వాళ్ళు నిజంగానే విన్నారు. ఎప్పటిదో శబ్దం ఇంకా చెవిలో మిగిలి ఉండడమో, వినబడాలని అంత గట్టిగా కోరుకోవడమో. అలాంటివాళ్ళ కాగితం మీద చిన్న చుక్క పెట్టి, పరీక్ష మళ్ళీ చేస్తుంది.

భర్త మొహం చూస్తూ మనసులో ఒక చుక్క పెట్టింది. కోపం రావలసిన చోట ఆమెకి కుతూహలం వస్తుంది. ఆమె గుణాల్లో అతను భయపడేది దానికే.

"ఒక పని చెయ్యండి," అంది అత్తగారు లేస్తూ. "నన్ను ఆ వీధికి తీసుకెళ్ళండి. ముప్పై ఒక్క ఏళ్ళు ఇల్లిల్లూ తిరిగి ఉత్తరాలు పంచినదాన్ని. వీధి మొహం చూస్తే కాపురాల సంగతి చెబుతాను. ఆ తర్వాత మీరిద్దరూ ఎక్కడ సంతకం పెట్టుకుంటారో పెట్టుకోండి."

"టైమెక్కడుందమ్మా?"

"పోట్లాడుకోడానికి ఉందిగా!"

*

వంతెన దాటి బస్సు దిగేసరికి రెండున్నర. కాగితాలన్నీ సంచిలో వేసుకుంది ఆమె. దరఖాస్తు ఒక్కటి మాత్రం అతను మడత పడకుండా తన చేత్తోనే పట్టుకున్నాడు. రెండో చేతిలో గొడుగు.

"ఎండా లేదు, వానా లేదు. ఆ గొడుగు దేనికిరా?"

"అలవాటు."

"చిన్నప్పుడు లేదే ఈ అలవాటు. ఈ ఊళ్ళో చదువుకుని వచ్చాక పట్టుకుంది," అంది తల్లి, కోడలితో చెబుతున్నట్టు.

వీధి బాగుంది. ఆ మాట ఒప్పుకోవాలి. రెండువైపులా రెండంతస్తుల ఇళ్ళు, మెట్ల కింద సైకిళ్ళు, గోడల మీద పాకిన తీగలు. నీలం తలుపు ఇల్లు మధ్యలో ఉంది. తలుపుకి కొత్తగా రంగు వేశారు, వాసన ఇంకా పోలేదు. ఇంటి యజమాని ఎక్కడో ఉంటాడట. తాళంచెవి బ్రోకరు దగ్గర ఉంది గానీ, అత్తగారికి తాళంతో పని పడలేదు. తలుపు పక్కన గోడకి కొట్టిన రేకు ఉత్తరాలపెట్టె ముందు నిలబడి కళ్ళజోడు పెట్టుకుంది.

"ఉడతా, ఇలా రా. ఇదేమిటో చెప్పు."

"పేరు అంటించిన కాగితం."

"ఎంత మందం ఉందో చూడు."

ఉడత వేలితో నొక్కింది. "అట్టలా ఉంది నానమ్మా."

"ఒకళ్ళు వెళ్ళిపోతారు. వచ్చినవాళ్ళు పాత కాగితం పీకరు. దాని మీదే తమది అంటిస్తారు. బద్ధకం." జడలోంచి పిన్ను తీసి అంచు లేపింది. పై కాగితం ఊడొచ్చింది. కింద ఇంకో పేరు. దాని కింద ఇంకోటి, ముగ్గురి పేర్లు, వాటిలో ఒకటి కొట్టేసి ఉంది. "చదువుకునే పిల్లలు. ఏడాదికో జట్టు. ఇదిగో, వీడు ఆర్నెల్లే ఉన్నాడు, జిగురు ఎండకముందే ఇంకోడొచ్చాడు."

"పక్కింట్లో?" అంది కోడలు.

"వస్తూనే చూశాను. రెండువైపులా అంతే. పెళ్ళి శుభలేఖలు కూడా ఇంత మందం ఉండవు. ఈ వీధిలో మనుషులు దిగుతారు, కాపురం ఉండరు."

భర్త కొంచెం దూరంలో, వీధికి అవతలివైపు చూస్తూ నిలబడ్డాడు. "చాల్లే అమ్మా. ఎవరైనా చూస్తే బాగుండదు."

"ఇంకోటుంది! ఇంకోటుంది!" ఉడతకి ఇది ఆటైపోయింది. పిన్ను దాని చేతికి మారింది. తొమ్మిది, పది, పదకొండు. నేల మీద కాగితం ముక్కలు. నాలిక పళ్ళమధ్య పెట్టుకుని, గోటితో చివరి పొర అంచు లేపింది. కింద రేకు కనబడింది. "అయిపోయింది. ఇదే మొదటిది. పచ్చ సిరా."

నానమ్మ ఆ ముక్క అందుకుంది.

చాలాసేపు చూసింది. లక్షల చేతిరాతలు చూసిన కళ్ళవి. ఊరి పేరు చెరిగిపోయినా, రాత చూసి ఎవరింటి ఉత్తరమో చెప్పేదని ఆవిడ ఆఫీసులో ప్రతీతి. ఇప్పుడు చూస్తున్న రాతకి మాత్రం అంత అనుభవం అక్కర్లేదు. ఆ అక్షరాలు పలక మీద దిద్దబెట్టింది ఆవిడే.

"నువ్వు హాస్టల్లో ఉన్నావు కదరా," అంది.

అతను ఇటు తిరగలేదు.

"మూడేళ్ళూ హాస్టల్ చిరునామాకే రాశాను. వారానికొకటి. ఒక్కటీ తిరిగి రాలేదు."

"ఎలా వస్తాయమ్మా? ప్రతి శనివారం వెళ్ళి తెచ్చుకునేవాణ్ణి. గేటు దగ్గర మనిషి పక్కన తీసిపెట్టేవాడు."

"ఇక్కణ్ణుంచి?"

"నడిచి. గంట పట్టేది."

కోడలు వింటోంది. పన్నెండేళ్ళుగా ఈ మనిషి పక్కన పడుకుంటోంది. హాస్టల్ కబుర్లు ఎన్నో విన్నది అతని నోట. నీళ్ళ గదిలో జారిపడ్డ కథ, మేడ మీద చదువుకున్న కథ. ఆ కథలన్నిటికీ ఇప్పుడు గోడలు ఊడిపోయి కనబడుతున్నాయి. ఆమెకి బాధ కలగలేదు. అలాంటి కథల్ని అంత శ్రద్ధగా కట్టుకున్న కుర్రాడెవరో చూడాలనిపించింది.

"హాస్టల్ ఎందుకు వదిలావు?" అంది తల్లి.

"వదల్లేదు. పోయింది."

"ఎందుకు పోయింది?"

అతను గొడుగు కొనతో నేల మీద గీత గీశాడు. ఆ ప్రశ్నకి జవాబు ఆరోజు రాదని ముగ్గురికీ అర్థమైంది.

"నీకు ఆ హాస్టల్ సీటంటే గొప్ప," అన్నాడు. "ఉత్తరాలతో పాటు ఆ వార్త కూడా ఇంటింటికీ పంచావు. పోయిందని ఎలా రాయను?"

అత్తగారు ఏదో అనబోయి ఆగింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. ఆవిడ ఊరుకోవడం చూసి ఉడత కూడా ఆట మానేసి తల్లి చెయ్యి పట్టుకుంది.

అప్పుడు అడిగింది ఆమె, చాలా మెల్లగా. "ఈ వీధిలో పిల్లలు ఆడుకోవడం మీరు ఎప్పుడు చూశారు?"

అతను నవ్వబోయాడు. పట్టుబడ్డవాడి నవ్వు.

"పద్దెనిమిదేళ్ళయింది. సాయంత్రమైతే ఈ చివర్నుంచి ఆ చివరికి బంతి. నా కిటికీకి రెండుసార్లు తగిలింది. ఏడెనిమిది మంది పిల్లలు. చీకటి పడేసరికి..." ఆగాడు. "చీకటి పడేసరికి ఎదురింటి పైనుంచి ఒకావిడ అందర్నీ పేరుపేరునా పిలిచేది. ఎవరి పిల్లలైనా సరే. అన్నానికి."

"మిమ్మల్ని?"

"నన్ను కూడా."

"బ్రోకరుతో వచ్చినప్పుడు చూడలేదా, ఆవిడ ఇంకా ఉందో లేదో?"

"కిటికీలు మూసి ఉన్నాయి. అడగడానికి నోరు రాలేదు."

అంతమంది కుర్రాళ్ళలో ఒకడు, ఇంటికి అబద్ధాలు రాస్తూ, ఈ కిటికీ వెనక కూర్చుని వీధిలోని సందడికి మీట నొక్కాడు. ఆ శబ్దం ఆగిపోయి ఏళ్ళయింది. అతను ఇంకా నొక్కుతున్నాడు.

ఆమె సంచిలోంచి పట్టిక తీసి అతని ముందు పట్టుకుంది.

అతను జేబులోంచి పెన్సిలు తీశాడు. తిరగేసి, వెనకనున్న రబ్బరుతో తొమ్మిదిని రుద్దాడు. గట్టిగా, కాగితం నలిగేదాకా. ఎనభై ఒకటి కొట్టేసి డెబ్బై రెండు అని రాశాడు. దాని కింద చీమంత అక్షరాలతో ఆరోజు తేదీ వేశాడు. వేళ కూడా, మూడూ ఇరవై.

"మెట్ల వీధి," అన్నాడు.

"నా మాట నెగ్గాలని కాదు."

"తెలుసు. లెక్క."

"లెక్కేనా?"

"మరీ అంత లోపలికి తవ్వకు," అన్నాడు, ఈసారి కొంచెం నిజంగా నవ్వి. ఆమె కలం మూత తీసి, మెట్ల వీధి ఒప్పందాన్ని నీలం తలుపుకి ఆనించి సంతకం చేసింది. కొత్త రంగు కాగితం వెనక కాస్త అంటుకుంది. అతనూ చేశాడు. ఇక దరఖాస్తులో చిరునామా గడి నింపి, మూడువీధుల అవతలున్న బడి ఆఫీసుకి నడవడమే. పది నిమిషాల దారి.

ఉడత ఒకరి తర్వాత ఒకరి మొహం చూసింది. "అయితే మెట్ల వీధా? ఖాయమా?"

"ఖాయం," అంది తల్లి.

"మళ్ళీ మారమా?"

"మారం."

"అయితే విప్పొచ్చా?"

"విప్పొ..."

"గొడుగబ్బాయ్!"

పైనుంచి వచ్చింది ఆ పిలుపు. ఎదురింటి రెండో అంతస్తు కిటికీ, ఇందాకటిదాకా మూసి ఉన్నది, ఒక రెక్క తెరుచుకుంది. తెల్లటి జుట్టు, కిటికీ ఊచ పట్టుకున్న చెయ్యి. మొహం సరిగా కనబడలేదు. గొంతు మాత్రం వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పాకింది. కోపం లేదు, ఆశ్చర్యం లేదు. ఆటలో పొద్దు తెలియని పిల్లవాణ్ణి పిలిచే గొంతు.

"ఆఁ! వస్తున్నా!"

మనసుకి తెలిసేలోపే నోరు పలికింది. పన్నెండేళ్ళలో అతని గొంతు అలా పలకడం ఆమె ఎప్పుడూ వినలేదు. శబ్దాలు కొలిచే మనిషి, ఆ స్వరానికి వయసు కట్టింది. ఇరవై దాటదు.

పక్కన అత్తగారు కదలకుండా నిలబడి ఉంది. నలభై ఏళ్ళుగా వాణ్ణి పిలుస్తోంది ఆవిడ. మొదటి పిలుపుకి ఒక్కనాడూ పలకలేదు వాడు. చేతిలో ఉన్న పచ్చ సిరా ముక్కని జాగ్రత్తగా కళ్ళజోడు పెట్టెలో పెట్టి మూత వేసింది.

అతను అప్పటికే వీధి దాటుతున్నాడు. ఎదురింటి మెట్ల చీకట్లోకి వెళ్ళిపోయాడు, ఒక చేతిలో గొడుగు.

రెండో చేతిలో దరఖాస్తు.

"అమ్మా," అంది ఉడత, ఆ మెట్లవైపే చూస్తూ. "విప్పొచ్చా అంటే నువ్వు సగమే చెప్పావు."